తొక్క తెగకూడదు

“మాట ఆగకూడదు, తొక్క తెగకూడదు. అంతే సీను,” అన్నాడు దర్శకుడు వీరరాఘవయ్య, ఆపిల్ పండు టీపాయ్ మీద పెడుతూ. “విలన్ నవ్వుతూనే బెదిరిస్తుంటాడు. చేతిలో మడత కత్తి. పండు చెక్కు తీస్తుంటే తొక్క తాడులా కిందికి దిగుతుండాలి. మీరు ఇప్పుడు చేసి చూపించారా, మెయిన్ విలన్ మీరే. లేదంటారా, జూబ్లీ హిల్స్‌లో మా నిర్మాతగారు బొంబాయి విలన్‌కి ట్రంకాల్ బుక్ చేయడానికి సిద్ధంగా కూర్చున్నారు.”

ఫిల్మ్ నగర్‌లోని తన ఇంట్లో, తన సోఫాలో కూర్చున్న త్రినాథరావు గుండె ఎగిరి గంతేసింది. ఇన్నేళ్లూ విలన్ వెనకాల నాలుగోవాడిగా నిలబడి, హీరో మొదటి గుద్దుకే గడ్డివాములో పడుతున్న ప్రాణం. పడటంలో తనంత నేర్పరి ఇండస్ట్రీలోనే లేడని చెప్పుకుంటాడు గానీ, ఎంత బాగా పడినా పోస్టరు మీద బొమ్మ వేయరు కదా!

“అడగాల్సిన మనిషినే అడిగారండీ,” అంటూ జేబులోంచి కత్తి తీశాడు.

తీసి వెంటనే పని మొదలుపెడితే అతను త్రినాథరావు ఎందుకవుతాడు? ముందు ఉపన్యాసం మొదలుపెట్టాడు.

“బజారు సరుకు కాదండోయ్ ఇది. పాతబస్తీలో ఓ ముసలి కమ్మరి చుట్టూ నెలల తరబడి తిరిగి, నా అరచేతి కొలతకి చేయించుకున్నాను. లారీ కమాను పట్టీని సాగగొట్టి చేసిన బ్లేడు. పిడి గేదె కొమ్ము. మూస్తే టక్కుమని మోగుతుంది. ఒకసారి పట్టుకుని చూడండి!”

వీరరాఘవయ్య పట్టుకుని చూశాడు. “కర్రలా తేలిగ్గా ఉందేంటండీ?”

“అదే మరి కొమ్ము గొప్పతనం! చెయ్యి తగలగా తగలగా అలా తేలికపడుతుంది.”

ఈ సంగతి త్రినాథరావుకి ఎవరూ చెప్పలేదు. అప్పటికప్పుడు నోటికొచ్చింది. అయితే తను చెప్పిన మాట తనే నమ్మేయడం అతనికి చిన్నప్పటి నుంచీ అలవాటు.

“మూస్తే టక్కుమని మోగుతుందని కూడా అన్నట్టున్నారు?”

“వయసు మీద పడిన కొద్దీ గొంతు తగ్గుతుందండీ, మనకి లాగే.”

నిజానికి ఆ కత్తితో ఇంతవరకూ అతను నిమ్మకాయ కూడా కోయలేదు, మరక పడుతుందని. పెళ్లికి వెళ్లినా, పరామర్శకి వెళ్లినా అది జేబులో ఉండాల్సిందే. వీలున్నప్పుడల్లా మెత్తటి గుడ్డతో తుడవాల్సిందే. ఇంటికొచ్చినవాళ్లు చూసి, ఆహా అని తీరాల్సిందే. ఉత్తరం చింపుకుంటానని భార్య శేషారత్నం ఒకసారి అడిగినందుకు కస్సుమన్నాడు. వస్తువు విలువ తెలిసినవాడి బాధ వస్తువు విలువ తెలియనివాళ్లకి ఏం తెలుస్తుందని అతని ఉద్దేశం.

“కానివ్వండి,” అన్నాడు దర్శకుడు.

త్రినాథరావు కాలు మీద కాలు వేసుకున్నాడు. కళ్లు సగం మూసి, “ఊరు విడిచి పోతావా తమ్ముడూ, లోకం విడిచి పోతావా?” అంటూ కత్తిని పండు మీద ఆనించి లాగాడు.

తెగలేదు.

“పోతావా...” అని నొక్కాడు. పండు సొట్టపడింది. “పోతావా తమ్ముడూ...” అని ఒంట్లో ఉన్న బలమంతా పెట్టాడు. బ్లేడు వంకర తిరిగింది. పండు చేతిలోంచి జారి, దొర్లుకుంటూ సోఫా కిందికి పోయింది.

“తమ్ముడు పోలేదు గానీ పండు పోయిందండీ,” అన్నాడు వీరరాఘవయ్య.

త్రినాథరావుకి వేషం చేజారిపోతోందన్న దిగులు ఒక ఎత్తు, పరాయివాడి ముందు తన కత్తి పరువు పోయిందన్న బాధ ఒక ఎత్తు. “దిష్టండీ! చూసిన ప్రతివాడూ కళ్లప్పగించి చూస్తే మరి...”

“దిష్టీ లేదు, పాడూ లేదు,” అంటూ వంటింట్లోంచి శేషారత్నం వచ్చింది. వంగి సోఫా కిందనుంచి పండు తీసి కొంగుతో తుడిచింది. బొడ్డులో దోపుకున్న మడత కత్తి తీసి ఒంటిచేత్తో విదిల్చింది. టక్!

అచ్చం అలాంటి కత్తే. అదే నల్ల పిడి, అవే ఇత్తడి మేకులు.

“అసలుది ఇదండీ,” అంది భర్తతో. చేతులు చెక్కు తీస్తున్నాయి గానీ, ఆవిడ పండు వైపు చూడటం లేదు. “పోయిన వినాయక చవితి ముందు ఫైటింగ్ సీనుకి మీ కత్తి ఇచ్చారు గుర్తుందా? నిజం కత్తితో ఫైటింగు చేయనివ్వరు కదా. షూటింగు సామాన్లు చూసే ప్రాపర్టీ పోచయ్య దీన్ని చూసి అల్యూమినియంతో డమ్మీ చేశాడు. తర్వాత రెండూ పట్టుకొచ్చి, ‘అమ్మా, గిది అసలుది, జర పైలం’ అని నా చేతిలో పెట్టి వెళ్లాడు. మీరేమో పక్క మీద పడుకుని కూడా తెరుస్తూ మూస్తూ ఉంటారు. వేలు తెగ్గోసుకుంటారని భయమేసి డమ్మీని మీ జేబులో వేశాను. మీకు తెలిసినప్పుడు చెబుదామనుకున్నా. తెలిస్తే కదా!”

“మరి... అసలుదాన్ని ఇన్నాళ్లూ ఏం చేశావ్?” అన్నాడు త్రినాథరావు.

“ఎంత చక్కగా చేశాడండీ ఆ కమ్మరి! కంద కూడా వెన్నలా తెగుతోంది. పట్టుకుంటే దించబుద్ధి కాదు. ఇంత మంచి వస్తువుని అన్నాళ్లు ఊరికే జేబులో పెట్టుకు తిరిగారు.” ఆవిడ గొంతు పెంచలేదు. పెదాల మీద చిరునవ్వు కూడా చెదరలేదు. “ఇంకోసారి దీని జోలికి వచ్చారంటే...”

మిగతా మాట చూపుతోనే చెబుతూ భర్త కళ్లలోకి చూసింది. తొక్క ఎక్కడా తెగకుండా మెలికలు తిరుగుతూ టీపాయ్ మీదికి దిగి చుట్ట చుట్టుకుంది. కత్తి మడిచింది. టక్!

త్రినాథరావు ఉలిక్కిపడి సోఫాలో వెనక్కి పడ్డాడు. అలవాటైన పనే కాబట్టి బాగానే పడ్డాడు.

వీరరాఘవయ్య లేచి శేషారత్నానికి వంగి నమస్కారం పెట్టాడు. తర్వాత మెల్లగా త్రినాథరావు వైపు తిరిగాడు.

“అమ్మగారి కాల్షీట్లు మీరే చూస్తారా, వేరే మేనేజర్ని పెట్టుకుంటారా?”