కాలివేలు

"వేలు విరిగితే రేపు మెట్టెలు ఏడ పెడ్తరే?" అన్నాను, నా మనుమరాలు అక్షిత ఫుట్‌బాల్ బూట్లు కట్టుకుంటుంటే.

"వేళ్లతోని తన్నమవ్వా. దగ్గరుంటే పాదం లోపటి పక్కతోని, దూరముంటే పాదం మీది పక్కతోని."

"ఏ పక్కతోనన్న తన్ను. కుంటుకుంట ఇంటికొచ్చిన దినం ఆట బంద్. మీ బాపుతోని చెప్పి బంద్ చేపిస్త."

కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డికి సెమీఫైనల్ మ్యాచ్‌కు పోతుంటే, వద్దన్నా వెంట బస్సెక్కాను. సంచిలో పసుపు, పాత చీర పేలికలు పెట్టుకున్నాను.

ఆట ముగిసే ముందు గోలు దగ్గర బంతి అక్షితకు దొరికింది. ఎదుటి పిల్ల కాలు అడ్డం పెట్టింది. అయిపోయింది, వేలు పోయింది అనుకున్నాను. అక్షిత పాదం లోపలి పక్కతో మెల్లగా తోసింది. బంతి పోయి వలలో పడింది.

అదే క్షణాన నా కాలు దానంతటదే లేచి, ముందున్న సిమెంటు గట్టును తన్నింది.

తిరుగు బస్సులో అక్షిత నా వేలికి పసుపు అద్ది పేలిక చుట్టింది.

"పాదం ఏ పక్కతోని తన్నినవే అవ్వా?"

నేను కాలు చీర కుచ్చిళ్ల కిందికి లాక్కున్నాను. కామారెడ్డి బస్టాండులో నా కొడుకు మాకోసం నిలబడి ఉన్నాడు.

"గట్టిగ పట్టుకోవే, కుంటుడు కనబడొద్దు," అన్నాను. "మీ బాపు చూస్తే ఫైనల్‌కు నన్ను రానియ్యడు."