బట్టల తీగ

"దుంగలు ఎక్కడివో తేలందే గేటు ఎత్తను," అంటూ అక్క లారీకి అడ్డంగా నిలబడింది.

ఆమె కాపలా కాసే అడవిలో చెట్టుకు మేకు కొట్టినా తప్పేనని గేటు బోర్డు మీదే రాసి ఉంది. అలా కాపాడుతున్నందుకే ఆమె మెట్టిన ఊరికి, పొగ వదిలే కంపెనీలిచ్చే కార్బన్ డబ్బులొస్తున్నాయి.

స్టీరింగు వెనక నుంచి తమ్ముడు కాగితాలు అందించాడు. "మీ అడవివి కావక్కా."

ఆమె నమ్మలేదు. వెనక్కి వెళ్లి దుంగలు తడిమి చూసింది. ఒకదాని బెరడులో సగం కూరుకుపోయిన ఇనుపతీగ చేతికి తగిలింది. పెళ్లయ్యేదాకా రోజూ తడిబట్టలు ఆరేసిన తీగ.

"ఇది మన పెరట్లో చెట్టురా."

"కలప కాంట్రాక్టర్లు మన కొండ మీద చెట్లన్నీ కొట్టేశారక్కా. ఊట ఎండిపోయింది. ఇప్పుడు పెరళ్ల మీద పడ్డారు."

"వాళ్లకి మన కొండే దొరికిందా?"

"ఇక్కడ నువ్వు అడ్డుపడ్డావుగా. అందుకే అక్కడికొచ్చారు." వాడి గొంతులో నిష్ఠూరం కూడా లేదు.

"మరి నువ్వెందుకురా ఈ లారీ తోలడం?"

"చేలో నీళ్లుంటే అరక తోలుకునేవాణ్ణి."

లారీ వెనక ఆగిన చిన్న బండిలో మంచం, బిందెలు, మూటలు కనిపించాయి. మూటల మధ్య నుంచి అమ్మ మెల్లగా దిగింది. గేటు పక్కనున్న చెట్టు మీద చెయ్యి వేసి, కూతురి ముఖంలోకి భయంభయంగా చూసింది.

"మేకు కొట్టనులేవే," అంది. "బట్టలారేసుకోడానికి ఓ తీగ చుట్టుకోనిస్తారా?"