ఎర్ర చుక్క

"అత్తయ్యగారూ, నిన్న పదకొండు నుంచి రెండు దాకా మీరు ఇంట్లో ఏం చేశారు?"

అల్లుడు కరెంటు బిల్లు టీపాయ్ మీద పరిచి, కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. ఇన్సూరెన్సు కంపెనీలో దొంగ క్లెయిములు పట్టుకోవడం అతని ఉద్యోగం. విరగని కాలికి వేసుకున్న కట్టును పదిమంది ముందు విప్పించిన ఘనుడు.

అత్తగారు కట్టు కట్టిన మోకాలి మీద వేడినీళ్ల సంచి సర్దుకుంది. "ఏం చేస్తాను బాబూ? అన్నం తిన్నాను, పడుకున్నాను."

"మూడు గంటల్లో నాలుగు యూనిట్లు కాలాయి. గీజరు వేశారా?"

"పొద్దున మీ స్నానం అయ్యాక అటే వెళ్లలేదు."

"మరి ఆ సంచిలో నీళ్లు?"

"కెటిల్లో కాచుకున్నాను. ఒక్కసారి." సంచి మూత బిగిస్తూ, "రెండుసార్లు" అంది.

"చూశారా, మాట మారుతోంది!" అల్లుడు కాగితం మీద రాసుకున్నాడు.

రెండు గదుల ఫ్లాటు అది. గ్యాసు లేదు. పొయ్యి వెలిగినా, నీళ్లు కాగినా కరెంటే. కొత్త మీటరు ఏ గంటకు ఎంత కాలిందో ఫోన్లో చూపిస్తుంది. అత్తగారు వచ్చి నాలుగు నెలలు. బిల్లు రెట్టింపై నాలుగు నెలలు. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

వంటగది గుమ్మంలోంచి భార్య అంది. "మా అమ్మ కట్టు కూడా విప్పించి చూస్తారా?"

"నేను లెక్క మాట్లాడుతున్నాను. మంగళవారం మీరిద్దరూ ఆసుపత్రికి వెళ్లారు. నేను ఆఫీసులో ఉన్నాను. ఇంటికి తాళం. అయినా ఐదు యూనిట్లు. తాళం వేసిన ఇంట్లో ఎవరు కాల్చారు?"

"దయ్యాలు."

"దయ్యాలు వేడినీళ్లు పోసుకోవు. ఎవరో గీజరు ఆపకుండా బయల్దేరారు." ఆ 'ఎవరో' దగ్గర అతని చూపు అత్తగారి మీదే ఆగింది.

తలుపు తీసే ఉంది. పై అంతస్తులో ఉండే ఇంటి ఓనరు ఇటు తొంగి చూశాడు.

"ఏంటి సార్, గొడవ లిఫ్టు దాకా వినబడుతోంది?"

"బిల్లండీ. ఈ నెలా రెట్టింపే."

"పెద్దవాళ్లున్న ఇంట్లో వేడినీళ్లు తప్పవు సార్, మనమే సర్దుకోవాలి." ఓనరు జాలిగా నవ్వాడు. "నావల్ల అయింది నేను చేశాను. అమ్మగారు వచ్చిన వారానికల్లా మూలపడ్డ లిఫ్టు తిరిగేలా చేశానా లేదా? దాని కరెంటుకని మీ దగ్గర ఒక్క పైసా అడిగానా?"

"అయ్యో, ఎప్పుడూ అడగలేదు."

"అడగను కూడా. అది నా మాట."

"మీలాంటి ఓనర్లు ఈ రోజుల్లో ఎక్కడున్నారండీ!" అల్లుడు అతన్ని లిఫ్టు దాకా సాగనంపి వచ్చాడు. వచ్చేసరికి అత్తగారు మంచం కింది నుంచి సంచీ లాగుతోంది.

"పెద్దదాని దగ్గరికి వెళ్తానమ్మా" అంది కూతురితో.

"అక్కావాళ్లకి లిఫ్టు లేదు. ఇంకో రెండు నెలల లోపు మెట్లు ఎక్కావంటే మోకాలు మళ్లీ మొదటికొస్తుందని డాక్టరు అన్నాడా లేదా?"

"మోకాలి నొప్పి ఒక్క చోటే ఉంటుందిలే. ఈ మాటల నొప్పి అలా కాదు."

భార్య మొగుడి వైపు తిరిగింది. "ఇప్పుడు వెళ్లిందంటే మీరు కాళ్లు పట్టుకున్నా మళ్లీ రాదు. నా సంగతి తర్వాత చెప్తాను."

"నేను వెళ్లమనలేదే! నిజం ఒప్పుకోమన్నాను, అంతే."

అత్తగారు రెండో సంచీ కూడా సర్దేసి టాక్సీ పిలవమంది. కాసేపటికి టాక్సీ వచ్చిందని ఫోను మోగింది. మళ్లీ మాట పడకుండా భార్య ఒక్కో స్విచ్చూ ఆపి, తాళం వేసింది. లిఫ్టు ఇరుకు. రెండు సంచులతో అత్తగారు నిలబడితే నిండిపోతుంది. అది ఇంకా పైనుంచి రావాలి. ఆమెను లిఫ్టు దగ్గర ఉంచి, మిగతా ఇద్దరూ మెట్లు దిగారు.

మెట్ల కింద ఉన్నాయి మీటర్లు. అల్లుడు అక్కడ ఆగాడు. ఇల్లు ఖాళీ అయింది, అన్నీ ఆపేశారు. ఇప్పుడు రీడింగు ఫోటో తీసుకుని, రేపటి రీడింగు పక్కన పెట్టి చూపిస్తే ఇక నోరెత్తేవాళ్లుండరు. ఫోను తీశాడు. తీసినవాడు అలాగే నిలబడిపోయాడు.

తన మీటరు మీద, కరెంటు కాలుతుంటేనే మిణికే ఎర్ర చుక్క గబగబా కొట్టుకుంటోంది.

"చూడు! కళ్లారా చూడు!" గొంతు తగ్గించాడు. "వెళ్తూ వెళ్తూ కూడా గీజరు వేసింది మీ అమ్మ."

"గీజరు నేనే ఆపాను. పొయ్యి, ఫ్రిజ్జు, ఫ్యాన్లు, అన్నీ నేనే ఆపాను."

"అయితే ఇదేంటి? లోపల ఎవరున్నారు?"

భార్య మీటరు దగ్గరగా వంగింది. ఆమెకీ అనుమానం వచ్చింది. "నిజమే... ఎవరో ఉన్నారు."

"ఎవరైతేనేం, ఇప్పుడు బయటికి వస్తారు."

అల్లుడు మీటరు కింది మెయిన్ స్విచ్చు ఠక్కున దించాడు.

ఎర్ర చుక్క ఆరిపోయింది. దాంతోపాటే అంతదాకా పైనుంచి వినబడుతున్న లిఫ్టు మూలుగూ ఆగిపోయింది. భార్య మొగుడి మొహంలోకి చూసింది. అతని చెయ్యి స్విచ్చు మీదే ఉండిపోయింది.

రెండో అంతస్తుకీ మొదటి అంతస్తుకీ మధ్య నుంచి అత్తగారి గొంతు వినిపించింది.

"అల్లుడుగారూ, ఒట్టు! ఈసారి నేను ఏ స్విచ్చూ ముట్టుకోలేదు!"