బీట మీద గాజుపలక

మూడో గాజుపలక కూడా పగిలింది.

సామాన్ల గది మూలన గొంతుక్కూర్చుని దాన్ని చూడగానే ఫొటో ఫ్రేముల షాపాయన టైము చూసుకున్నాడు. ఇంకో మూడు గంటల్లో మేస్త్రీ వచ్చేస్తాడు. నలభై రోజుల కిందట గోడకు అడుగున, నేలకు జానెడు ఎత్తులో, బీటకు అడ్డంగా వేలెడంత గాజుముక్కను సిమెంటుతో అతికించి, దానిమీద తారీఖు రాసి వెళ్ళింది అతనే.

"పునాది ఇంకా కుంగుతుంటే ఇది పగులుతుంది సార్. పగిలితే మాత్రం గోడ పక్కన తవ్వి, కింద కాంక్రీటు నింపాల్సిందే. నాలుగు లక్షలకు తక్కువైతే నేను చెయ్యి పెట్టను. పగలకపోతే బీట పూడ్చి, రంగేసుకుని హాయిగా పడుకోండి" అన్నాడు ఆ రోజు.

నాలుగు లక్షలూ ఉన్నాయి. కానీ అవి భార్య మోకాళ్ళ ఆపరేషన్ కోసం దాచినవి. ఆమె కిందికి వంగి ఏడాదైంది. ఆ గది నుంచి ఈ గదికి రావాలన్నా గోడ పట్టుకోవాల్సిందే. అయినా గాజు పగిలితే డబ్బు పునాదికేనని ఆవిడే తేల్చేసింది.

"నా మోకాళ్ళదేముంది, ఇవాళ కాకపోతే రేపు. ఇల్లు కూలితే కొత్త మోకాళ్ళేసుకుని ఏ చెట్టుకింద కూర్చోను?"

అంత మంచితనాన్ని ఆయన తట్టుకోలేకపోయాడు. అందుకే మొదటి గాజు పగిలిన రోజే దొంగపనికి దిగాడు. షాపులో గాజుముక్కలకేం కొదవ? అదే కొలతకు కోసి అతికించి, కోడి కెలికినట్టుండే మేస్త్రీ రాతలోనే తారీఖు కూడా వేశాడు. పగిలిన ముక్కల్ని చూడ్డానికి కూడా మనసొప్పక, గబగబా కాగితంలో చుట్టి పనిముట్ల పెట్టె అడుగున దాచాడు. రెండోసారీ అంతే. ఇది మూడోసారి.

"ఏవండీ, గాజెలా ఉంది?" వంటింట్లోంచి భార్య కేకేసింది.

"గుండ్రాయిలా ఉంది!"

ఆవిడ నమ్మలేదు. "మళ్ళీ ఒకసారి సరిగ్గా చూడండి" అంది.

"ఎన్నిసార్లు చూసినా అదే గాజు" అంటూనే పగిలినదాన్నీ పొట్లం కట్టి దాచి, కొత్త ముక్క తీసి తొందరగా గట్టిపడే సిమెంటుతో అతికించేశాడు. మేస్త్రీ వచ్చేదాకా డబ్బాలు సర్దుతున్నట్టు నటిస్తూ గదిలోంచి కదల్లేదు.

మేస్త్రీ వచ్చాడు. వంగి చూశాడు. "భేష్! చెక్కుచెదరలేదు. నాకు పని పోయింది, మీకు డబ్బు మిగిలింది సార్."

గుమ్మం పట్టుకుని నిలబడ్డ భార్య ముఖంలో కత్తివేటుకు నెత్తురుచుక్క లేదు. "అంటే... తవ్వనక్కర్లేదా?" అంది.

"అక్కర్లేదమ్మా. సార్ చెప్పిన ఆ ఆపరేషన్ చేయించుకోండి."

షాపాయన గెలిచాడు. కానీ ఆ గెలుపు నిలవలేదు. ఆపరేషన్ అయ్యాక మూడు వారాలు ఈమె ఈ ఇంట్లోనే మంచం మీద పడుకోవాలి. ఏ రోజైనా ఆ గోడ ఒరిగితే లేచి పరిగెత్తలేదు. కాళ్ళు బాగు చేయిద్దామని మనిషినే పోగొట్టుకుంటానా అనిపించింది ఆయనకు.

"మేస్త్రీ గారూ, అది మీరు పెట్టిన గాజు కాదు" అన్నాడు. "మూడుసార్లు పగిలింది. మూడుసార్లూ నేనే మార్చాను. ఎలాగోలా దీని కాళ్ళు బాగుపడితే చాలనుకున్నాను. తవ్వండి. మొత్తం తవ్వెయ్యండి."

భార్య తలదించుకుంది. తనను చూసి జాలిపడుతోందనుకున్నాడాయన.

మేస్త్రీ జేబులోంచి టేపు, నలిగిన నోటుపుస్తకం తీశాడు. బీటకు అటూ ఇటూ ఆ రోజే తను కొట్టిన రెండు చిన్న మేకుల మధ్య దూరం కొలిచి, పుస్తకంలో అంకెతో సరిచూసుకున్నాడు. మళ్ళీ కొలిచాడు.

"గాజు మీ ధైర్యానికి పెట్టింది సార్. ఈ మేకులు నా లెక్కకు. వెంట్రుకవాసి కూడా కదల్లేదు. మీ పునాది కుదురుగానే ఉంది."

"మరి మూడు గాజులెలా పగిలాయి?"

"ఆ ముక్కలున్నాయా?"

షాపాయన పెట్టె బోర్లించి పొట్లాలు విప్పాడు. మేస్త్రీ వాటిని వెలుగులో పెట్టి, ఫక్కున నవ్వాడు.

"ముప్ఫై ఏళ్ళుగా గాజుతో బతుకుతున్నారు, ఇది చూళ్ళేదా సార్? గోడ లాగితే గాజు బీట వెంబడే ఒక్క గీతలా విరుగుతుంది. ఇవి నడిమధ్య దెబ్బ తగిలి చుట్టూ చిట్లాయి. దెబ్బ కూడా పైనుంచి పడింది. ఎవరో వంగకుండా, నిలబడి, కర్రతో పొడిచారు."

ఇంట్లో ఉన్నది ఇద్దరే. వంగలేనిది ఒక్కరే. షాపాయన మెల్లగా గుమ్మం వైపు తిరిగాడు.

"అలా చూడకండి" అంది భార్య, కొంగుతో కళ్ళొత్తుకుంటూ. "మేస్త్రీ గారు ఎలాగూ వచ్చారు కదా, ఆ పునాదేదో తవ్వించెయ్యండి... ఆపరేషనంటే నాకు చచ్చేంత భయం!"