ఓనరు తల్లి

"మా ఇంట్లో ఓనరు తల్లి వచ్చి ఉంటుందట పిన్నీ. రెండు నెలల్లో మమ్మల్ని ఖాళీ చెయ్యమంటున్నారు," అంది మారిబెల్, గేటు పట్టుకుని.

ఒర్తెన్సియా చేతిలోని తమాలె జారి మళ్లీ బుట్టలో పడింది. మొక్కజొన్న పిండిని ఆకుల్లో చుట్టి ఉడికించిన ఆ తమాలెలను ఆవిరి మీదుండగానే తెచ్చి, పొద్దున్నే ఆ గేటు దగ్గర అమ్ముతుంది ఆమె. ఎన్నేళ్లుగానో అదే గేటు. ఆ భవనంలో ఎవరింట్లో ఏ పిల్లకు ఏ జబ్బో కూడా తెలుసు.

బుట్ట మూత పెట్టేలోగా ఆమెకు అంతా కళ్లకు కట్టింది. మారిబెల్ కూతురు, ఉబ్బసం పిల్ల ఐరిస్, కారు వెనక సీట్లో పడుకుని పిల్లికూతలతో ఊపిరి లాగుతోంది. అద్దం మీద పోలీసు కర్రతో కొడుతున్నాడు. ఆ తర్వాత వంతెన కింద గుడారం. ఆ తర్వాత ఆసుపత్రి. ఎవరికైనా జ్వరమని వినగానే పాడె కట్టేసే బుర్ర ఆమెది.

"పొమ్మంటే పోవడానికి ఇదేమైనా సత్రమా? చట్టం లేదూ?" అంది.

ఉంది. లాస్ ఏంజెలెస్‌లో ఇలాంటి పాత భవనాల్లో అద్దె ఇష్టమొచ్చినట్టు పెంచకూడదు. కారణం లేకుండా ఎవర్నీ వెళ్లగొట్టకూడదు. కానీ ఓనరు సొంత తల్లి కాపురానికి వస్తుందంటే అది కారణమే. వచ్చిన తల్లి నాలుగు రోజులుండి వెళ్లిపోతే ఎవరు చూడొచ్చారు? ఆ తర్వాత ఆ ఇంటికి ఎంత అద్దె చెబుతారో గేటు దగ్గరి కుక్కకు కూడా తెలుసు.

ఆ ఓనరు మొహం ఎవరూ చూడలేదు. చలికాలంలో ఏదో కంపెనీ పేరుతో భవనం కొన్నాడు. నోటీసులు అంటించడానికి మేనేజరు ఒకడు వస్తాడు, అంతే.

పై అంతస్తు ముసలాయన ఫెర్మిన్ మెట్ల మీద కూర్చుని తమాలె విప్పుకుంటూ నవ్వాడు. "ఆ తల్లి ఉందో లేదో. ఇల్లు కావాల్సినప్పుడల్లా వీళ్లకొక తల్లి పుడుతుంది."

"ఉంటే మాత్రం?" అంది ఒర్తెన్సియా. "పసిదాన్ని వీధిలో పడేసి, ఆ గదిలో మంచమేసుకుని నిద్రపోతుందా ఆవిడ? కొడుక్కి పాలు పట్టిందా, పాషాణం పట్టిందా? వాణ్ణి కాదు, ముందు ఆ మహాతల్లి మొహాన ఉమ్మెయ్యాలి."

మారిబెల్ బిత్తరపోయింది. పిన్ని నోట అంత మాట ఎప్పుడూ వినలేదు.

ఆ కోపం ఈనాటిది కాదు. ఒకప్పుడు ఒర్తెన్సియానూ ఇలాగే పొమ్మన్నారు. వానలో పరుపు కాలిబాట మీద నానిపోయింది. పిల్లవాడు బేతో రొట్టెల పెనం ఒళ్లో పెట్టుకుని అక్కడే కూర్చున్నాడు. "ఏడవకమ్మా, నేను పెద్దయ్యాక మనల్నెవరూ వెళ్లగొట్టలేరు," అన్నాడు.

ఆ బేతో ఇప్పుడు ఊరికి అవతలి కొసన ఉంటాడు. ఏదో వ్యాపారం. ఏం వ్యాపారం రా అంటే, నీకు అర్థం కాదులే అంటాడు. ఈమధ్య ఫోనే ఎత్తడం లేదు. హైవే మీద ఏ లారీ గుద్దిందోనని ఆమె రోజూ టీవీ వార్తలకు చెవి ఒగ్గుతోంది. వాడికీ ఇలాంటి నోటీసే వచ్చిందేమో, సిగ్గుతో చెప్పుకోలేక దాక్కున్నాడేమో అని ఇవాళ కొత్త భయం పట్టుకుంది.

మారిబెల్ నగర గృహశాఖకు అర్జీ పెట్టుకుంది. విచారణ రోజున ఒర్తెన్సియా కూడా బయల్దేరింది. మోకాళ్ల నొప్పులు పెట్టుకుని నువ్వెందుకు పిన్నీ అని మారిబెల్ వారించింది.

"ఆ తల్లిని ఒక్కసారి కళ్లారా చూడాలి," అంది ఒర్తెన్సియా. బుట్ట కూడా వెంట తెచ్చుకుంది.

హాలు చల్లగా ఉంది. వాళ్లు వెనక వరసలో కూర్చున్నారు. ఐరిస్ తల్లి ఒళ్లో దగ్గుతోంది. నల్లకోటు వేసుకున్న ఓనరు ఆలస్యంగా వచ్చి, ఎవరి వైపూ చూడకుండా ముందు వరసలో వీపు తిప్పి కూర్చున్నాడు.

తల్లి వచ్చిందా అని అడిగింది అధికారిణి.

ఓనరు లాయరు లేచి జాలిగా నిట్టూర్చాడు. పాపం, బతుకంతా నిలబడి కష్టపడిన మనిషట. మోకాళ్లు అరిగిపోయాయట. ఎండ తగిలే కింది ఇంట్లో, కొడుకు నీడన కన్నుమూయాలన్నదే ఆమె ఆఖరి కోరికట. మారిబెల్ పళ్లు కొరుక్కుంది. ఒర్తెన్సియా బుట్ట మూత గట్టిగా అదిమింది.

"ఈ పిల్ల ఊపిరి సంగతి కూడా నేను చూడాలి," అంది అధికారిణి. "అందుకే మిమ్మల్నే అడుగుతున్నాను. మీ అమ్మ నిజంగా ఆ ఇంట్లో ఉంటుందా?"

ఓనరు లేచాడు. "ఉంటుందండీ. ఇక్కడికి రాలేకపోయింది. మంచాన పడింది," అన్నాడు.

ఒర్తెన్సియా బుట్ట కింద పెట్టింది. ముందు కుర్చీ పట్టుకుని, ఒక్కో మోకాలూ కూడదీసుకుని లేచింది.

కుర్చీ కిర్రుమన్న చప్పుడుకి ఓనరు వెనక్కి తిరిగాడు.

"మంచాన పడ్డానని నాకు చెప్పనేలేదేం రా, బేతో?" అంది ఆమె.