కాగితం తెగే చోటు

నాకు అక్షరాలు వచ్చింది యాభై రెండో ఏట, మా ఆయన పోయాక. ఒత్తులు, దీర్ఘాలు అక్కడక్కడా తప్పి ఉంటాయి, మన్నించండి. రాయడమూ నిదానమే. ఈ కాస్త కథకే పదకొండు రోజులు పట్టింది. నేను ఊడ్చి తుడిచిన ల్యాబులో జరిగిందిది.

“మాస్టారూ, రిపోర్టు ఒక పేజీలో పట్టకపోతే ఎక్కడ తెంపుతారు?” అని అడిగింది ల్యాబులో కొత్తగా చేరిన కంప్యూటరు అమ్మాయి, పెన్ను తెరిచి పట్టుకుని.

ఆ రోజుకి అది ఏడో ప్రశ్న. లైన్ల మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఆ రక్తపరీక్షల ల్యాబులో ఇరవై రెండేళ్ళుగా రిపోర్టులు ప్రింటు తీసేది ఆయనే. రోజంతటి రిపోర్టులూ ఒకే ఫైల్లో, పొడుగాటి తాడులా, ఒకదాని వెనక ఒకటి వస్తాయి. ఆయన తెర మీద వేలు పెట్టి లైన్లు లెక్కపెట్టి, ఖాళీ లైన్లు నొక్కుకుంటూ పోయి, ఒక్కో మనిషి రిపోర్టు కొత్త కాగితం మీద మొదలయ్యేలా చూసేవాడు. లైన్ల మాస్టారన్న పేరు అందుకే వచ్చింది. ఆ తర్వాత ప్రింటరు ఎంచాలి. మామూలువి హాల్లో కౌంటరు పక్కనున్న ప్రింటరుకి, నలుగురి కంటా పడకూడనివి డాక్టరుగారి గదిలో ప్రింటరుకి. ఇన్నేళ్ళలో ఒక్క కాగితం దారి తప్పలేదు.

“పరీక్ష మధ్యలో తెంపకూడదు,” అన్నాడు, చెప్పకుండా ఉండలేక. “సంతకం ఒక్కటే పక్క పేజీలోకి పోకూడదు. తోడుగా కనీసం రెండు లైన్లు పోవాలి.”

ఆ అమ్మాయి రాసుకుంది. ఆ రాసుకోవడం చూడలేక ఆయన తన తెర వైపు తిరిగిపోయాడు.

ఆమె వచ్చి మూడు నెలలు. ఆయన పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా చేసే పనిని ఒక కంప్యూటరు ప్రోగ్రాంగా రాస్తోంది. ప్రతి రిపోర్టు ముందూ పేజీ తెంపమనే ఆజ్ఞ దానంతటదే పడుతుంది. రిపోర్టు మొదటి లైను చూసి, ఏ ప్రింటరుకి పంపాలో అదే ఎంచుకుంటుంది. ఈ సంగతంతా ఆమే సంబరంగా ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని, ఏ లైను ఏం చేస్తుందో చూపించింది. ఆయన తల ఊపాడు. ఏకై వచ్చి మేకై కూర్చోవడమంటే ఇదే కాబోలు అనుకున్నాడు.

ఇరవై రెండేళ్ళలో మాస్టారు బల్ల వైపు తిరిగి చూడని డాక్టరుగారు ఇప్పుడు ఆమె బల్లకి ఆనుకుని నిలబడి టీ తాగుతున్నాడు. ప్రింటరు మొరాయిస్తే కౌంటరు వాళ్ళు ‘మాస్టారూ’ అనడం మాని ‘చెల్లెమ్మా’ అని కేకేస్తున్నారు. అన్నిటికీ మించి, పై నెల ల్యాబు కొత్త చోటికి మారుతోంది. అక్కడ రిపోర్టుల గదిలో ఒక్క కుర్చీయే పడుతుందనీ, ప్రోగ్రాం నడవడం చూశాక ఎవరుండాలో తేలుస్తాననీ యజమాని అందరి ముందే చెప్పేశాడు. మాస్టారు రిటైరు కావడానికి ఇంకా నాలుగేళ్ళుంది.

ఇంటికెళ్ళి, కంచం ముందు కూర్చుని కూడా ఆమెనే తిట్టేవాడు. వినీ వినీ భార్య ఒకరోజు అంది:

“పెళ్ళయిన ముప్పై ఏళ్ళలో నా గురించి ఇంతసేపు ఎప్పుడైనా మాట్లాడారా? ఆ పిల్లది అదృష్టం.”

ఆయన చెయ్యి కడిగేసుకున్నాడు.

తర్వాత రెండు రోజులకి, ఆయన ఫైలు పట్టుకుని యజమాని గదిలోకి వెళ్ళేసరికి ఆ అమ్మాయి అక్కడ ఏదో చెబుతోంది. ఈయన్ని చూసి టక్కున ఆపేసింది. బయటికి వచ్చాక మెల్లగా పక్కకి చేరింది.

“మీకు ఇంకా ఎన్నేళ్ళ సర్వీసుందండీ?”

“నీకెందుకమ్మా?”

“ఊరికే.”

నేను లేవకముందే కుర్చీ కొలతలు తీసుకుంటోంది అనుకున్నాడు మాస్టారు. ఆ క్షణానే మనసులో ఏదో గట్టిపడింది.

ప్రోగ్రాం చూపించే రోజు వచ్చింది. నిజం మనుషులవి కాకుండా, ఉత్తుత్తి పేర్లతో ఆరు రిపోర్టులు తయారుచేసి పెట్టింది ఆ అమ్మాయి. యజమాని వచ్చే ముందు చేతులు కడుక్కోవడానికి వెళ్ళింది. మాస్టారు లేచాడు. రెండే రెండు లైన్లు. పేజీ తెంపే ఆజ్ఞ చెరిపేశాడు. డాక్టరుగారి గది ప్రింటరు పేరున్న చోట హాలు ప్రింటరు పేరు కొట్టాడు. తిరిగొచ్చి తన తెర మీద వేలు పెట్టి, లైన్లు లెక్కపెడుతున్నట్టు కూర్చున్నాడు.

ఆరూ హాల్లోనే పడ్డాయి. తెగకుండా పడ్డాయి. ఒకరి సంతకం కిందే మరొకరి పేరు, ఒకరి చక్కెర ఇంకొకరి నెత్తిన. గుట్టుగా ఉండాల్సిన రిపోర్టు కౌంటరు ముందు వెల్లకిలా పడి ఉంది. డాక్టరుగారు టీ కప్పు కింద పెట్టేశాడు.

ఆ అమ్మాయి గబగబా ప్రోగ్రాం తెరిచి చూసింది. చేతులు ఆగిపోయాయి. తలెత్తి మాస్టారు వంక చూసింది, చాలాసేపు. ఆయన గోడ వంక చూశాడు. ఏమైందని యజమాని రెండుసార్లు అడిగాడు. ఆమె ప్రోగ్రాం మూసేసింది.

“తెలియడం లేదండీ,” అంది చివరికి.

తెలియడం లేదట. మూడు నెలలు నా బుర్ర తిన్న మనిషికి తెలియడం లేదట, అనుకున్నాడు మాస్టారు. లోపల మంట చల్లారి ఆయనకి హాయిగా అనిపించింది.

యజమాని కాగితాలన్నీ ఏరుకుని ఆమె బల్ల దాటి నేరుగా మాస్టారు బల్ల దగ్గరికి వచ్చాడు. అవి ఆయన ముందు పెట్టాడు.

“కొత్త చోట మిమ్మల్నే కూర్చోబెడదామనుకున్నాను మాస్టారూ. ఇది చూశాక ఇక కుదరదు.”

“నన్నెందుకంటారండీ?” మాస్టారు కుర్చీలోంచి లేచాడు. “పాడు చేసింది ఆ అమ్మాయి కదా?”

యజమాని తల అడ్డంగా ఊపాడు.

“ఈ ప్రోగ్రాం మీదేనని, కుర్చీ మీకే ఇమ్మని ఆ అమ్మాయి ముందే నాకు రాసిచ్చింది.”

— అందరూ పెద్దక్క అంటారు. అరవై ఎనిమిదేళ్ళు. ఇప్పుడు చిన్నకూతురి ఇంట్లో, మేడ మీది గదిలో ఉంటున్నాను.