ఏడో గది ఈల

భార్య పెట్టిన షరతు ఒక్కటే. "ఆ కోపం అక్కడే దింపుకుని రండి. లేదంటే మీరొచ్చేసరికి నేను మా అక్కయ్య దగ్గరుంటాను."

ఆయన తనిఖీ అధికారి. ముప్పై ఏళ్ళుగా ఎదుటివాళ్ళ తప్పులు పట్టినందుకే జీతం. ఇప్పుడు ధ్యాన కేంద్రంలో ఆరో గది. పది రోజులు మౌనం. ఎవరి గదిలో వాళ్ళే. భోజనం గుమ్మం దగ్గరికి వస్తుంది, గురువు గొంతు గోడమీది స్పీకర్‌లోంచి వస్తుంది. ఫిర్యాదు చీటీలు కూడా నిషిద్ధం.

మొదటి రోజు కళ్ళు మూశాడో లేదో, ఈల. సన్నగా, కీచుగా. చెక్క గోడ అవతల, ఏడో గదిలో, ఎవడో ముక్కుతో పిల్లనగ్రోవి సాధన చేస్తున్నాడు.

"దుఃఖం ఉంది," అన్నాడు గురువు.

ఉంది. పక్క గదిలోనే ఉంది.

"దుఃఖానికి కారణం ఉంది," అన్నాడు మూడో రోజు.

కారణానికి జలుబు కూడా ఉన్నట్టుంది, అనుకున్నాడు అధికారి.

ఆ కారణం పేరు తృష్ణ అని గురువు వివరించాడు. అధికారికి మిగిలిన తృష్ణ ఒక్కటే: ఏడో గదివాడి ముక్కు నులమడం.

వాడు మామూలు ముదురు కాదు. సాక్ష్యం కోసం ఊపిరి బిగబట్టి చెక్కకు చెవి ఆనిస్తే చాలు, ఠక్కున ఆపేసేవాడు. వచ్చి చాపమీద కూర్చోగానే మళ్ళీ ఎత్తుకునేవాడు.

"దుఃఖానికి అంతం ఉంది," ఆరో రోజు.

అంటే వాడు విసుగెత్తి ఇంటికి పోవచ్చు. పోలేదు.

"అందుకు మార్గమూ ఉంది," తొమ్మిదో రోజు.

ఉంది. వరండాలో నాలుగడుగులు.

పదకొండో రోజు పొద్దున్నే మౌనం విరమించారు. ఆయన చాప చుట్టకుండానే బయటపడ్డాడు. మేనేజరమ్మ ఎదురైంది.

"ప్రశాంతంగా గడిచిందా అండీ?"

"గడవనిస్తేగా! ఆ ఏడో గదివాడితో రెండు మాటలు మాట్లాడాలి."

"ఎవరితోనండీ?"

"ముందు తలుపు తీయండమ్మా! పది రోజులు నా ప్రాణం తోడేశాడు."

షరతు గుర్తుంది. అక్కయ్యగారి ఇల్లూ గుర్తుంది. పిడికిలి మాత్రం సడలలేదు.

మేనేజరమ్మ ఆయన మొహంకేసి ఓసారి చూసి, తాళం తీసింది.

చీపుళ్ళు, బకెట్లు, దుమ్ము పట్టిన చాపల కట్ట తప్ప నరమానవుడు లేని ఆ గది గుమ్మంలో, రొప్పుతూ నిలబడ్డ ఆయన మీసాల పైనుంచి, ఈల సన్నగా, కీచుగా వినిపించింది.